మామ్మగారి కొంగుముడిలో ఏడు వెండి రూపాయలు



కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘంలో కోతల పండుగ జరిగింది. పల్లెటూరి సంఘాల్లో ఆ పండుగ ఎలా ఉంటుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మందిరం ముందు భాగమంతా వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద వేలం పాట. ఆ సంవత్సరం 80 ఏళ్ళు దాటిన ఒక విధవరాలు కర్ర ఊతగా ముందుకు వచ్చి, కొంగుముడి విప్పి, ఏడు వెండి రూపాయలు కానుక పళ్ళెంలో పెట్టింది.

"మా అత్తగారు నా చేతికిచ్చినవి, అయ్యగారూ. నా తరువాత ఎవరు ఏం చేస్తారో తెలియదు. మందిరం కప్పుకు పనికొస్తాయేమో చూడండి" అన్నది.

ఆ రూపాయలు నల్లబడి ఉన్నాయి. కొన్నిటి మీద బొమ్మ కూడా సరిగా కనిపించడం లేదు. మేము యౌవనస్థులను పిలిచి, "దేవునికిచ్చిన కానుక గదా, కాస్త తోమి తీసుకురండి" అని చెప్పాము. వారు చింతపండుతో ఆగలేదు. ఇటుకపొడి వేసి, పీచుతో రుద్ది, పది నిమిషాల్లో తళతళలాడించి తెచ్చారు. మేము వారిని మెచ్చుకున్నాము కూడా.

ఆ పండుగకు చుట్టపుచూపుగా వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన అక్కడే ఉన్నారు. నలభై ఏళ్ళుగా పాత నాణెములు కూడబెడుతున్న మనిషి. ఆయన జేబులో నుండి భూతద్దం తీసి, ఒక్కొక్క రూపాయిని అంచు పట్టుకొని వెలుతురుకు వంచి చూశారు. నాలుగవది చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

"వీటిని ఎవరు తోమారు, అయ్యగారూ?"

"మేమే తోమమన్నాము మాస్టారూ. ఏం?"

"వీటిని వేలంలో పెట్టకండి. సాయంత్రం కూర్చుని మాట్లాడదాం" అన్నారు.

ఆ సాయంత్రం లాంతరు వెలుగులో ఆయన చెప్పినవి, తరువాత మేము అడిగి, చదివి తెలుసుకున్నవి మీ ముందు పెడుతున్నాము. మీ ఇండ్లలో కూడా ఇట్టి రూపాయలు ఉండవచ్చును. మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని మా కోరిక.

మొదట ఆ రూపాయి ఎవరిదో తెలుసుకోండి

ఈస్టిండియా కంపెనీ 1835లో తన రాజ్యమంతటికి ఒకే విధమైన వెండి రూపాయిని ఏర్పాటు చేసింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. మన పెద్దలు "తులం" అన్నదీ, "రూపాయి ఎత్తు" అన్నదీ ఈ బరువే.

తొలి రూపాయలపై నాలుగవ విలియం రాజు బొమ్మ ఉంటుంది. 1840 నుండి విక్టోరియా రాణి బొమ్మ వచ్చింది. కిరీటంతో, జరీ అంగీతో ఉన్న రాణి బొమ్మ 1862 నుండి కనిపిస్తుంది. 1877 నుండి "క్వీన్" అనే మాటకు బదులు "ఎంప్రెస్" అని అచ్చువేశారు. 1903 నుండి 1910 వరకు ఏడవ ఎడ్వర్డ్. ఈయన తలపై కిరీటం ఉండదు. 1911 నుండి 1922 వరకు అయిదవ జార్జి. తరువాత ఆరవ జార్జి. ఈయన రూపాయల్లో 1940 నుండి వెండి సగానికి తగ్గిపోయింది. మిగిలిన సగం రాగి, నికెలు, జింకు. కనుక 1944 నాటి రూపాయిని 1904 నాటి రూపాయితో సమానంగా తూచి కొనేవాడు నష్టపోతాడు, అమ్మేవాడు ఎదుటివాని నష్టపరుస్తాడు. 1947 నాటి రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది నికెలు.

తెలంగాణా పాఠకుల ఇండ్లలో నైజాం వారి చార్మినారు రూపాయలు ఉంటాయి. వాటిని హాలీ సిక్కా అంటారు. వాటిపై సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉంటుంది. అవి కంపెనీ రూపాయికంటే కొంచెం తేలిక: 11.18 గ్రాములు, నూటికి దాదాపు 82 పాళ్ళు వెండి. ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు అనే మారకం అందుకే వచ్చింది.

మామ్మగారి ఏడు రూపాయల్లో రెండు రాణివి, ఒకటి ఎడ్వర్డుది, రెండు అయిదవ జార్జివి, ఒకటి 1944 నాటిది, ఒకటి చార్మినారుది.

అరుగుదల చూచే విధము

నాణెము చేతులు మారినకొద్దీ అరుగుతుంది. అయితే అంతటా సమానంగా అరగదు. ఎత్తుగా ఉన్న భాగాలు ముందు అరుగుతాయి. కనుక నాణెమును అంచనా వేసేవారు మొదట ఆ ఎత్తు భాగాలే చూస్తారు. రాణి రూపాయిలో చెవి పైనున్న జుట్టు పాయలు, కిరీటపు మణులు, అంగీ మీది పూలపని. ఎడ్వర్డు రూపాయిలో చెవి, దాని పైనున్న వెంట్రుకలు, గడ్డం. జార్జి రూపాయిలో కనుబొమ్మ, కిరీటపు పట్టెలు, రొమ్ము మీది హారం.

ఈ అరుగుదలనుబట్టి నాణెములకు తరగతులు పెట్టారు. ఆ పేర్లు ఇంగ్లీషులోనే చెలామణి అవుతున్నాయి గనుక అవే చెబుతాము.

సంవత్సరం చదవవచ్చును, తల ఆకారం తెలుస్తుంది, లోపలి పని అంతా పోయింది అంటే అది "గుడ్". పేరు మంచిదే గాని తరగతి క్రిందిది. జుట్టు ముద్దగా కనిపిస్తూ ముఖ్య భాగాలన్నీ తెలుస్తుంటే "ఫైన్". జుట్టు పాయలు చాలావరకు వేరువేరుగా, కిరీటపు మణులు లెక్కపెట్టగలిగేటట్టు ఉంటే "వెరీ ఫైన్". ఎత్తైన రెండు మూడు చోట్ల మాత్రమే కొంచెం అరిగి, సందుల్లో అచ్చు నాటి మెరుపు మిగిలి ఉంటే "ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్". ఏ చోటా అరగనిది "అన్‌సర్క్యులేటెడ్", అనగా చేతులు మారనిది. ఇట్టి దానిపై కూడ చిన్న గాట్లు ఉండవచ్చును. టంకశాల నుండి సంచుల్లో తరలించేటప్పుడు ఒకదానికొకటి తగిలి పడినవి అవి. వాటిని అరుగుదల క్రింద లెక్కించరు.

1949లో విలియం షెల్డన్ అనే అమెరికా దేశస్థుడు తమ దేశపు పాత రాగి సెంట్ల కొరకు 1 నుండి 70 వరకు అంకెల కొలత ఒకటి ఏర్పాటు చేశాడు. నేడు లోకమంతటా అదే వాడుతున్నారు. 60, ఆ పైన వచ్చినవి చేతులు మారనివి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అచ్చు దెబ్బ సరిగా పడని నాణెము కూడా అరిగినట్టే కనిపిస్తుంది. తేడా ఎట్లు తెలుసుకోవాలి? వెలుతురుకు వంచి చూడాలి. అరిగిన చోటు మెరుపు పోయి, బూడిద రంగులో పాలిపోయి ఉంటుంది. అచ్చు సరిగా పడని చోట పని కనిపించకపోయినా మెరుపు చెదరకుండా ఉంటుంది. పుట్టుకలోని లోపము వేరు, లోకంలో తిరిగి అరిగిపోవడం వేరు. చూచేవాడు ఓపికగా చూస్తేనే ఈ రెంటికీ న్యాయం చేయగలడు.

పైపొర చెప్పే సాక్ష్యము

మాస్టారు ఇక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గించారు. మేము తప్పు చేసినది ఇక్కడే గనుక ఆయన మొగమాటపడ్డారు.

టంకశాలలో అచ్చు బలంగా పడినప్పుడు వెండి నడిమి నుండి అంచువైపుకు ఒత్తుకొని పోతుంది. ఆ ఒత్తిడికి కంటికి ఆననంత సన్నని గీతలు పుడతాయి. అట్టి నాణెమును ఒక్క దీపం క్రింద పట్టుకొని మెల్లగా త్రిప్పితే, బండిచక్రపు ఆకుల వలె వెలుగు గిరగిర తిరుగుతుంది. ఇదే దాని అసలు మెరుపు. ఒకసారి రుద్దితే ఆ సన్నని గీతలు చెరిగిపోతాయి. మరల వాటిని ఏ కంసాలీ పుట్టించలేడు.

మరి నలుపు సంగతి? గాలిలో గంధకపు అంశము ఉంటుంది. అది వెండికి తగిలి పలుచని పొర కడుతుంది. మొదట లేత పసుపు, తరువాత గోధుమ, నీలం, ఊదా, చివరకు నలుపు. ఈ పొర సమంగా, పలుచగా ఉంటే అది నాణెమునకు మచ్చ కాదు. దానిని ఎవరూ గీకలేదు, తోమలేదు అనుటకు అదే సాక్ష్యము. తెలిసినవారు అట్టి నాణెమునకే ఎక్కువ ధర ఇస్తారు. పొర మరీ మందమై పెచ్చులు లేచినట్టు ఉంటే, దాని క్రింద వెండి గుంటలు పడి ఉంటే, అప్పుడు మాత్రమే అది చెరుపు.

తోమిన నాణెమును గుర్తుపట్టడం తేలిక. పాలరాయిలా అంతటా ఒకే తెలుపు. వంచి చూస్తే వెలుగు తిరగదు. భూతద్దంలో ఒకే దిక్కుగా వెంట్రుకల వంటి గీతలు కనబడతాయి. అక్షరాల సందుల్లో మాత్రం పాత నలుపు, చింతపండు పిప్పి మిగిలి ఉంటాయి. నాణెములను పరీక్షించి ప్లాస్టికు పెట్టెలో ముద్రవేసి ఇచ్చే సంస్థలు తోమిన నాణెమునకు సాధారణంగా అంకె వేయవు. "శుభ్రము చేయబడినది" అని మాత్రమే వ్రాస్తాయి.

చూడవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. మన ప్రాంతంలో రూపాయలను దండలుగా కట్టి మెడలో వేసుకునేవారు. లంబాడీ అక్కచెల్లెండ్రు నేటికీ వాటిని నగల్లో కుట్టుకుంటారు. అట్టివాటికి పై అంచున టంకం మచ్చ గాని, చిల్లు గాని ఉంటుంది. చిల్లు పూడ్చి అమ్మేవారు కూడా ఉన్నారు, గనుక బొమ్మ తలపై అంచును రెండు ప్రక్కలా చూడండి. పూర్వపు సరాఫులు వెండిని పరీక్షించి వేసిన చిన్న గాటు గుర్తులు కొన్నిటిపై ఉంటాయి. ఇవి మోసము కావు గాని తరగతిని తగ్గిస్తాయి.

ఇక దొంగ నాణెములు. మంచి రూపాయి 11.66 గ్రాములకు దగ్గరగా తూగాలి. అరుగుదలకు కొంచెం తగ్గవచ్చును గాని పెరగకూడదు. అయస్కాంతానికి అంటుకోకూడదు. అంచుమీది గీట్లు సమంగా ఉండాలి. పోతపోసిన దొంగ నాణెమునకు అంచు చుట్టూ అతుకు గీత, ముఖంపై చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తాయి. వేలికొనపై నిలిపి ఇంకొక నాణెముతో మెల్లగా తాకిస్తే వెండి పలుకు గంటవలె సాగుతుంది. రాతిమీద విసరవద్దు, అంచు సొట్టపడుతుంది.

నాలుగవ రూపాయి

మాస్టారు ముఖం మారడానికి కారణమైన రూపాయి 1911 నాటిది. అయిదవ జార్జి రాజు రొమ్ము మీద ఒక బిరుదు హారం ఉంటుంది. ఆ హారంలో చిన్న ఏనుగు బొమ్మ. 1911లో అచ్చు చెక్కినవాడు దాని తొండాన్ని పొట్టిగా చెక్కాడు. అది చూచేవారికి పందివలె కనిపించింది. ముస్లిములు అభ్యంతరం చెప్పగా ప్రభుత్వము దాని పంపిణీ నిలిపివేసి, మరుసటి సంవత్సరం అచ్చులో ఏనుగును సరిచేసింది. కనుక 1911 రూపాయి మిగిలినవాటి కంటే అరుదు. 1918 వంటి సంవత్సరాల రూపాయలు కోట్ల సంఖ్యలో అచ్చయ్యాయి. వాటికి సాధారణంగా వెండి ధర కంటే కొంచెమే ఎక్కువ వస్తుంది.

"ఇది దాదాపు అరగనే లేదు, అయ్యగారూ" అన్నారు మాస్టారు. "హారంలో ఏనుగు చెవి కూడా తెలుస్తున్నది. ఎవరో తెచ్చి మూటలో వేసి మరల ముట్టుకోలేదు. ఇన్ని దశాబ్దాలు కాపాడుకున్నదాన్ని పొద్దున ఇటుకపొడి..." అని ఆగిపోయారు.

ఆయన ఒక కాగితంపై రెండు వరుసలుగా వ్రాశారు. తోమకముందు ఎంత వచ్చేది, ఇప్పుడు ఎంత వస్తుంది. మిగిలిన ఆరింటిలో తేడా స్వల్పమే. ఆ ఒక్కదానిలో మాత్రం సగానికి పైగా పోయింది. అది లక్షలు కాదు. అయితే మామ్మగారికి అది తక్కువ మొత్తమూ కాదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఉదయమే ఆమె ఇంటికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మా అత్తగారు వాటిని ముట్టుకోనిచ్చేవారు కాదు అయ్యగారూ. నలుపు మంచిదే, తియ్యొద్దు అనేవారు. ఎందుకో నేను అడగలేదు. మీరూ నన్ను అడగలేదు" అన్నది.

ఆమె కోపంగా అనలేదు. కాని ఆ చివరి మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. సంఘ పెద్దల అనుమతితో నాణెములను తెలిసినవారికి న్యాయమైన ధరకు అమ్మించి, తగ్గిన మొత్తాన్ని మేము మూడు నెలలలో మందిరపు లెక్కలో జమ చేశాము. ఇది గొప్పగా చెప్పుకొనుటకు కాదు, అది మా బాకీ.

మీ ఇంట్లో ఉన్నవారికి కొన్ని మాటలు

నాణెమును ఎప్పుడూ అంచు పట్టుకొని ఎత్తండి. చేతి చెమట ముఖంపై వేలిముద్ర వేస్తుంది, అది కాలక్రమంలో పోనిదవుతుంది. చింతపండు, విభూది, ముగ్గుపిండి, పళ్ళపొడి, ఇత్తడి తోమే ద్రవము, ఏవీ వద్దు. మట్టి అంటుకొని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని నూలుబట్టపై ఉంచి అద్దండి. రుద్దవద్దు. రబ్బరు బ్యాండ్లు చుట్టకండి, రబ్బరులోని గంధకము వెండిని నల్లచేస్తుంది. జిగటగా, వాసనవేసే మెత్తని ప్లాస్టికు సంచుల్లో ఉంచితే పచ్చని జిడ్డు పడుతుంది. ఒక్కొక్కటి వేరుగా, పొడిచోట ఉంచండి.

భూమి దున్నేటప్పుడు గాని, పునాది త్రవ్వేటప్పుడు గాని నాణెముల కుండ దొరికితే దాచుకొనకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుగారికి తెలియజేయవలెను. నూరేళ్ళు దాటిన నాణెములు 1972 చట్టం క్రింద పురావస్తువులు. విదేశాల్లో ఉన్న పిల్లలకు జ్ఞాపకార్థమని పంపుటకు వీలులేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. "మీ పాత రూపాయి పది లక్షలకు కొంటాము, ముందు పన్ను కట్టండి, కమీషను పంపండి" అని ఫోను చేసేవారిని నమ్మవద్దు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కూడా ఇట్టి మోసాలు జరిగాయి. తాము పాత నాణెముల వ్యాపారము చేయము, అందుకు ఎట్టి రుసుమూ అడగము అని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా ప్రకటించింది. అమ్మదలచిన యెడల ఇద్దరు ముగ్గురికి చూపించి, ఎదుటనే తూకం వేయించి అమ్మండి. అబ్రాహాము శారా సమాధి నిమిత్తము పొలము కొన్నప్పుడు నాలుగు వందల తులముల వెండిని అందరి యెదుట తూచి ఇచ్చాడని ఆదికాండము 23వ అధ్యాయములో చదువుతాము. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము చెబుతున్నది. కొనేవారూ అమ్మేవారూ దీనిని మరువరాదు.

చివరిగా

లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీని తలంచుకోండి. పది వెండి నాణెములలో ఒకటి పోయినప్పుడు ఆమె దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేవరకు వెదికింది. ధూళిలో పడి ఉన్నంత మాత్రాన దాని విలువ పోలేదు. ప్రభువు దేనారమును చేతికి తీసుకొనినప్పుడు అడిగినది ఒక్కటే: దానిపై ఉన్న రూపము ఎవరిది అని. మెరుపును గురించి ఆయన అడుగలేదు.

మన సంఘములోనికి వచ్చే మనుష్యులు కూడ ఇట్టివారే. కొందరు జీవితపు చేతుల్లో బాగా అరిగినవారు. కొందరు పుట్టుకలోనే అచ్చు సరిగా పడనివారు. కొందరి మీద పాత టంకపు మచ్చలు. మేము కాపరులము, మీరు అత్తమామలు, తల్లిదండ్రులు. వారిని ఆదివారం నాటికి తళతళలాడించాలని మనకు తొందర. కొత్తగా వచ్చిన కోడలిని, దారి తప్పి తిరిగివచ్చిన కుమారుని, త్రాగుడు మానుకొని నిలదొక్కుకుంటున్న అన్నను, వారి సంగతి అడగకుండానే రుద్దుతాము. మెరుపు వస్తుంది. లోపల సన్నని గీతలు చెరిగిపోతాయి.

వెండిని శుద్ధిచేయువాడు ఆయనే అని మలాకీ ప్రవక్త చెప్పాడు. ఆయన కొలిమి దగ్గర కూర్చుండి ఓపికతో చేస్తాడు. మన చేతిలో ఉన్నది ఇటుకపొడి మాత్రమే. కనుక రుద్దకముందు అడుగుదము. అడిగి, వెలుతురుకు వంచి, ఓపికగా చూద్దము.

మామ్మగారు ఇప్పుడు ప్రభువునందు నిద్రించారు. ఆమె కానుకతో వేసిన రేకుల క్రింద మేము నేటికీ ఆరాధించుచున్నాము. వర్షం వచ్చినప్పుడు ఆ రేకుల చప్పుడుకు ప్రసంగం ఆపవలసి వస్తుంది. అప్పుడెల్లా మాకు ఆమె మాట జ్ఞాపకము వస్తుంది. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.